చుక్క ముట్టని బీరు భక్తుడు

తాగేవాళ్లలో ఎన్ని రకాలున్నాయో తాగనివాళ్లలోనూ అన్ని రకాలున్నాయి. డాక్టరు వద్దన్నాడని తాగనివాళ్లు, ఇంట్లో ఆవిడ వద్దందని తాగనివాళ్లు, ఎవరూ పోయించలేదు గనక తాగనివాళ్లు. వీళ్లతో లోకానికి పేచీ ఏమీ లేదు. పేచీ అంతా ఇంకో రకంతోనే. ఈయన జన్మలో చుక్క ముట్టడు గానీ, ఇంటినిండా మాత్రం బీరే. అదీ గోడల మీద. మర్యాదకి ఓసారి పలకరించిపోదామని వెళ్లినవాడికి మంచినీళ్లిచ్చి, ఎనభై, తొంభై ఏళ్ల కిందటి గిన్నిస్ పోస్టర్ల ముందు నిలబెట్టి, కాళ్లు లాగేదాకా చెప్పి, ఆకలితో ఇంటికి పంపిస్తాడు. పాత బీరు పోస్టర్లు కూడబెట్టే ఈ జాతి లోకమంతా ఉంది. అందులో ఒకాయన మా అక్క మొగుడు కావడం నా ప్రారబ్ధం.

బావగారిది రాజమండ్రి. ఉండేది లండన్ పక్కన స్లౌలో. రాత్రి పడుకోబోయే ముందు ఆయన తాగేది హార్లిక్స్. ఈ విషయంలో ఆయన జాతకం విచిత్రమైనది. పుట్టిన ఊరి పక్కనే ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ, ఉద్యోగానికి వెళ్లిన స్లౌలోనూ హార్లిక్స్ ఫ్యాక్టరీయే. స్లౌది 1908లో మొదలై 2018లో మూతబడింది. ఎర్రిటుకల పొగగొట్టం ఇంకా నిలబడే ఉంది. ‘‘బీరైనా హార్లిక్సయినా మొదలయ్యేది మొలకెత్తిన బార్లీ గింజతోనే అబ్బాయ్. ఒకటి పులిసింది, రెండోది పొడయింది. అంతే తేడా’’ అంటాడు, తానూ బీరు కుటుంబీకుడే అన్నట్టు. ‘‘మరి పులిసినదాన్ని ఒక్కసారైనా రుచి చూడకూడదా బావగారూ?’’ అంటే, ‘‘వీణ వినాలంటే కొరికి చూడాలేమిటయ్యా?’’ అని ఎదురు ప్రశ్న.

ఆదివారం తెల్లారకుండానే లేచి కార్ బూట్ సేల్‌కి వెళ్తాడు. ఇంగ్లండులో జనం తమ ఇంట్లోని పాత సామానంతా కారు డిక్కీలో వేసుకొచ్చి మైదానంలో పరిచి అమ్ముతారు. విరిగిన టోస్టర్లకీ, మూతల్లేని టీ కెటిల్సుకీ మధ్య ఎక్కడో ఓ పోస్టరు చుట్ట కనిపిస్తుంది. దాన్ని చూసిన క్షణంలో బావగారి ముఖం చూడాలి. కన్యాదాతకి జాతకాలు కుదిరాయని తెలిసినా పైకి ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడే, అచ్చం ఆ ముఖం. ముందు టోస్టరు ధర అడుగుతాడు. తర్వాత కెటిల్ ధర. వెళ్లబోతూ వెళ్లబోతూ ‘‘ఈ కాగితమేమిటి?’’ అంటాడు. అమ్మేవాడు ఇరవై పౌన్లనగానే తడి గడ్డి మీద మోకాళ్లూని, జేబులోంచి భూతద్దం తీసి, కాగితం మీద ముక్కు పెడతాడు. అంతసేపు ఎరగనట్టు నటించిందంతా అక్కడితో గోవిందా. ఇరవై కాస్తా ఎనభై అవుతుంది.

ఆ భూతద్దంలో ఆయన వెతికేది చుక్కల కోసం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినదగినదే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బవేరియాకి చెందిన సెనెఫెల్డర్ అనే నాటక రచయిత, తన నాటకాలు చవకగా అచ్చేసుకునే దారి వెతుకుతూ, రాతి మీద జిడ్డు సిరాతో రాసి అచ్చు తీసే పద్ధతి కనిపెట్టాడు. రాయికి నీళ్లు పూస్తే జిడ్డున్నచోట నిలవవు. ఆపైన సిరా రోలరు నడిపితే జిడ్డున్నచోటే సిరా పడుతుంది. కిటుకంతా అదే. ఆయన నాటకాల సంగతి లోకం మరిచిపోయింది, రాయి మాత్రం వంద సంవత్సరాలు రాజ్యమేలింది. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయికి ప్రపంచమంతటా గిరాకీ పుట్టింది. రంగుల బొమ్మ కావాలంటే రంగుకో రాయి, ఒక్కో రాయీ ఒక్కోసారి కాగితం మీద కచ్చితంగా అదే చోట పడాలి. అలా తీసిన పోస్టరును భూతద్దంలో చూస్తే సుద్దముక్కతో రాసినట్టు గరుకు గరుగ్గా రంగు కనిపిస్తుంది. ఈ కాలపు నకలైతే నాలుగు రంగుల చిన్న చిన్న చుక్కలు వరుస కట్టి కనిపిస్తాయి. చుక్కలు కనపడితే బావగారు పీనుగను చూసినట్టు లేచిపోతాడు.

అయితే ఇంటికొచ్చిన చుట్టాలు మెచ్చుకునేది మాత్రం మెట్ల కింద బాత్రూం తలుపుకి అక్క తగిలించిన రేకు బోర్డునే. కొత్తగా మిషన్ మీద కొట్టి, కావాలని మూలల్లో తుప్పు రంగు పూసి, గృహాలంకరణ షాపుల్లో అమ్మే సరుకది. ‘‘ఇది భలే ఉందండీ, ఎంత పాతదో!’’ అంటారు. అప్పుడు బావగారు గుడ్లు తేలేస్తాడు, అక్క టీ తెస్తుంది.

ఇక గిన్నిస్. కూర్చోండి, ఇది ఆయన ప్రాణం.

ఆర్థర్ గిన్నిస్ 1759లో డబ్లిన్‌లో పాడుబడ్డ బీరు బట్టీ ఒకటి కౌలుకి తీసుకున్నాడు. ఏడాదికి 45 పౌన్ల అద్దె, కౌలు గడువు 9,000 సంవత్సరాలు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా బావగారు తన ఇంటి లోను గుర్తొచ్చి ఓ నిట్టూర్పు విడుస్తాడు. ఆ కంపెనీ బ్రిటిష్ పత్రికల్లో దేశమంతటా ప్రకటన మొదలుపెట్టింది 1929లో. అప్పటిదాకా సరుకే తనను తాను అమ్ముకునేదట. ఎస్.హెచ్. బెన్సన్ అనే లండన్ ఏజెన్సీ ఆ పని చేపట్టి, తాగేవాళ్లను ఎందుకు తాగుతున్నారని అడిగించింది. ‘ఒంటికి మంచిది’ అన్నారందరూ. తాగేవాడు ఏ దేశంలోనైనా ఆ మాటే చెబుతాడు. తేడా ఏమిటంటే, బెన్సన్ వాళ్లు దాన్నే నినాదం చేశారు: గిన్నిస్ మీకు మంచిది.

ఆ ఏజెన్సీలో జాన్ గిల్రాయ్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1934లో ఒక కూలీ పెద్ద ఇనుప దూలాన్ని ఒక్క చేత్తో నెత్తి మీద మోసుకుపోయే బొమ్మ వేశాడు. కింద ‘బలానికి గిన్నిస్’ అని. ఆ మరుసటి ఏడాది జూ మొదలైంది. సర్కసులో సీలయన్ను చూసి, అది ముక్కు మీద గిన్నిస్ గ్లాసు ఎందుకు నిలబెట్టకూడదు అనిపించిందట. జంతువు గ్లాసు ఎత్తుకుపోతుంది, జూ కాపలాదారు చేతులు చాచి వెనకాల పరిగెడతాడు, ‘అయ్యయ్యో, నా గిన్నిస్!’ అన్న అరుపు. ఆ కాపలాదారు ముఖం గిల్రాయ్‌దే, తన బొమ్మనే వేసుకున్నాడు. తర్వాత టూకాన్ పక్షి, పెలికాన్, కంగారూ, ఎలుగుబంటి, తాబేలు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన గిన్నిస్‌కి బొమ్మలు వేస్తూనే ఉన్నాడు.

వీటిల్లో బావగారి ఇష్టదైవం నిప్పుకోడి. 1936 నాటిది. గ్లాసుతో సహా మింగేసింది, పొడవాటి మెడలో గ్లాసు ఆకారం నిటారుగా కనిపిస్తోంది. అది చూసి జనం కంపెనీకి ఉత్తరాలు రాశారట: నిప్పుకోడి గ్లాసును నోట కరుచుకుని మింగితే తలకిందులుగా దిగాలి గదా, నిటారుగా ఎలా ఉంది అని. కంపెనీ ఏమాత్రం తొణక్కుండా, ఆ నిప్పుకోడి సీలయన్ దగ్గర విద్య నేర్చుకుంది, గ్లాసును గాల్లోకి ఎగరేసి పట్టి మింగింది అని జవాబిచ్చింది. బావగారు ఈ కథ చెప్పి ఆగి, మన ముఖం వంక చూస్తాడు. నవ్వాలి. నవ్వకపోతే మళ్లీ మొదటినుంచి చెబుతాడు. మా మేనకోడలు కథ సగంలో ఉండగానే నవ్వేసి తప్పించుకునే కిటుకు కనిపెట్టింది.

గిన్నిస్ లండన్‌లో పార్క్ రాయల్ దగ్గర 1936లో కట్టిన బట్టీని 2005లో మూసేశారు. బావగారు చుట్టాలను కాశీకి తీసుకెళ్లినట్టు అక్కడికి తీసుకెళ్తాడు. ఇప్పుడక్కడ చూడ్డానికి గోదాములూ లారీలూ తప్ప ఏమీ లేవు. ఆ గోదాముల ముందు నిలబడి ఫొటో దిగనిదే కారెక్కనివ్వడు.

మా అమ్మ స్లౌ వెళ్లినప్పుడు జరిగింది వేరే కథ. హాల్లో ఆల్ఫాన్స్ మూషా పోస్టరొకటి ఉంది. పారిస్‌లో స్థిరపడ్డ చెక్ చిత్రకారుడాయన. సారా బెర్నార్డ్ అనే నటి నాటకానికి వేసిన పోస్టరుతో 1895 కొత్త సంవత్సరం నాడు పేరు మోగిపోయింది. 1897లో మ్యూజ్ బీర్ల కంపెనీకి ఒకటి వేశాడు. ఓ అందగత్తె, తల వెనక వలయం, జుట్టునిండా బార్లీ కంకులు, హాప్ కాయలు, ఎర్రటి గసగసాల పూలు, ముందు నురుగు కక్కుతున్న గ్లాసు. మా అమ్మ తెల్లారి లేచి స్నానం చేసి, కంకులు చూసింది, వలయం చూసింది, అద్దం మీద కుంకుమబొట్టు పెట్టేసింది. బావగారు కిందికి దిగొచ్చి కొయ్యబారిపోయాడు.

‘‘ధాన్యలక్ష్మిని ఇక్కడ కూడా కొలుస్తారన్నమాట అల్లుడుగారూ! చేతిలో అవేమిటి, పాలా?’’

‘‘నురుగండీ అత్తయ్యగారూ’’ అన్నాడు. అబద్ధమాడలేదు.

నవ్వుతాం గానీ, అమ్మ అన్నదాంట్లో తప్పేమీ లేదు. రాజా రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టింది 1894లో. జర్మన్ యంత్రాలు, జర్మన్ పనివాళ్లు, ఇవే రాళ్లు, రంగుకో అచ్చు. మన దేవుడి గదుల్లోకి లక్ష్మీ సరస్వతులు నడిచొచ్చింది ఆ దారినే. పారిస్ బీరు సుందరి కూడా మూడేళ్ల తర్వాత అదే దారిన వచ్చింది. ఆ బొట్టు బావగారు నేటికీ తుడవలేదు. అక్క తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు.

అక్క సహనానికీ ఓ హద్దుంది. అది కస్టర్ పోస్టరు దగ్గర తెగింది. 1876లో అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర జనరల్ కస్టర్ దండును మూలవాసి యోధులు తుడిచిపెట్టేశారు. ఆ పోరు బొమ్మను 1896 నుంచి ఆన్‌హైజర్ బుష్ కంపెనీ తన పేరుతో లక్షకు పైగా అచ్చేయించి, దేశమంతటా సెలూన్లకి పంచింది. అంటే బార్లకి. నిండా శవాలు, కత్తులు, పొగ. ‘‘ఇంతమంది చస్తున్న బొమ్మ చూసి ఎవరికండీ దాహం వేసేది?’’ అంది అక్క. బావగారి సిద్ధాంతం వేరు: ‘‘ఎవరు కస్టరో, ఎవరెక్కడ పడ్డారో బారులో కూచున్నవాళ్లు వాదించుకుంటారు. వాదన తెగేదాకా గ్లాసులు నిండుతూనే ఉంటాయి.’’ నిజమే కావచ్చు. అయినా ఆ బొమ్మ గ్యారేజీకి చేరింది.

బాస్ బీరు కంపెనీ ఎర్ర త్రికోణం గురించి కూడా చెప్పాలి గనక చెబుతాను. 1876 జనవరి 1న బ్రిటన్‌లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్ మార్కు అదే. ఆరేళ్లకి మానే అనే ఫ్రెంచి చిత్రకారుడు పారిస్ బారు బొమ్మ వేస్తే అందులోని సీసాల మీదా అదే త్రికోణం. ఆ పటం లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉంది. అందరూ బారు పిల్ల ముఖం చూస్తారు, మా బావగారు లేబులు చూస్తాడు.

ఎన్ని చెప్పినా నాకొకటి లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది. గిల్రాయ్ బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా, దాని కింద మాట పచ్చి అబద్ధం. దూలం మోసే బలం బీరులో లేదు. కూలీ జీతం డబ్బులు ఎటు పోతాయో దూబగుంట ఆడవాళ్లని అడిగితే చెబుతారు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా మీద వాళ్లు లేవదీసిన గొడవే చివరికి 1995 మద్యనిషేధం దాకా నడిచింది. బావగారికి ఈ మాట కోపం తెప్పించదు. ఆయనే ఒప్పుకుంటాడు. ఆయన కోపం మన దేశపు ప్రకటనల మీద. టీవీలో మద్యం ప్రకటనలు కుదరవని కంపెనీలు అదే పేరుతో సోడా అంటాయి, మంచినీళ్లంటాయి, క్యాలెండరంటాయి. ‘‘ఆ సోడా ఏ కొట్లోనైనా చూశావా? గిల్రాయ్ గ్లాసును గ్లాసులాగే వేశాడయ్యా’’ అంటాడు. తాగనివాడికి తాగుడు ప్రకటనలో నిజాయితీ మీద ఇంత పట్టింపు ఏమిటో నాకు అర్థం కాదు.

ఈ పోస్టర్ల ఖర్చు లెక్క అక్క దగ్గరుంది. ఫ్రేములు, ఎండ తగిలినా బొమ్మ రంగు చెడనివ్వని అద్దాలు, చిరిగిన పోస్టరు వెనక గుడ్డ అంటించే నిపుణుడి కూలి, వేలంపాటలో కమిషను, ఇంటి బీమా. ఇంటి పక్కాయన రోజూ పబ్బుకి వెళ్లి తాగి కూడా ఇంత ఖర్చు పెట్టలేదంటుంది. గోడకి అంటించి, వానకి తడిసి, వారంలో పోవాల్సిన కాగితమది. మిగిలినవన్నీ ఎవరో గోడకి అంటించడం మరిచిపోయినవి. మన ఊళ్లో సినిమా పోస్టర్లకైతే మైదా జిగురు, ఆ జిగురు కోసం గేదెలు. వాటి నోట పడనిది దొరకడమే గొప్ప.

కాబట్టి ఒక మనవి. ఇలాంటాయన ఇంటికి వెళ్లాల్సొస్తే కడుపునిండా తిని వెళ్లండి, నిప్పుకోడి దగ్గర నవ్వండి, ఆవిడ ఎదురుగా ధర అడక్కండి. మీ ఇంట్లోనే అటక మీద పాత పోస్టరేదైనా ఉంటే లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు వేయకండి. కింద అంచున చిన్నక్షరాల్లో ప్రెస్సు పేరు ఉంటుంది, ఆ అంచు కత్తిరించకండి. ఫొటో తీసి నాకు పంపండి. బావగారికి మాత్రం చెప్పొద్దు. మా అక్క ఇంట్లో గోడలు అయిపోయాయి.