పోస్టరు ఆకు: లక్షణాలు, సాగు, ధర

పోస్టరు ఆకు ఎప్పుడూ జంటగానే కాస్తుంది. ఎడమన ఒక రెమ్మ, కుడిన ఒక రెమ్మ, మధ్యలో ఎవరూ వినని ఒక విదేశీ ఊరి చిత్రోత్సవం పేరు, దాని కింద 'అఫీషియల్ సెలక్షన్'. రంగు తెలుపు. నల్లటి పోస్టరు మీద ఏపుగా పెరుగుతుంది. పందెం గెలిచినవాడి తలకు గ్రీకులు చుట్టిన లారెల్ రెమ్మే దీని పూర్వీకురాలు. ఆ లారెల్, మన వంటింటి బిర్యానీ ఆకు ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. బిర్యానీ ఆకును వాసన కోసం వేస్తారు, తినేటప్పుడు తీసి విస్తరి అంచున పెడతారు. పోస్టరు ఆకు దగ్గర పద్ధతి తిరగబడింది: ఆకును వడ్డించి బిర్యానీని అంచున పెడుతున్నారు.

తెలుగు నేల మీద ఈ ఆకు ఒకప్పుడు అరుదు. ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పొట్టి సినిమా తీసినవాళ్ల పోస్టర్ల మీద పందిరిలా అల్లుకుంది. పావుగంట సినిమాకు నలభై ఆకులు. కథానాయకుడి ముఖం తమలపాకు తోటలో నక్కిన దొంగ ముఖంలా ఆకుల సందుల్లోంచి కనబడుతుంది. సినిమా పేరు వెతుక్కోవాలి. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది గానీ, ఇంత దిగుబడి ఇచ్చే వంగడం అక్కడివాళ్ల చేతిలోనూ పుట్టలేదు.

సాగుకు భూమి అక్కర్లేదు, ఇంటర్నెట్ చాలు. చిత్రోత్సవాలకు సినిమాలు చేరవేసే ఫిల్మ్‌ఫ్రీవే వంటి సైటులోకి సినిమాను ఎక్కించి కార్డు నంబరు కొట్టాలి. ముందుగా కడితే ఒక రేటు, గడువు దగ్గరపడ్డాక ఒక రేటు, ఆఖరి నిమిషంలో మరో రేటు. ఉత్తమ తొలి దర్శకుడు, ఉత్తమ మొబైల్ చిత్రం, ఉత్తమ సందేశాత్మక చిత్రం అంటూ విభాగానికో ఫీజు, అదీ డాలర్లలో. ఉత్సవమంటే ఏడాదికోసారి వస్తుందని పాతకాలం వాళ్లు అనుకునేవారు. ఈ రకం నెలనెలా వస్తుంది, కరెంటు బిల్లులాగా. హాలుండదు, తెరుండదు, కుర్చీలుండవు, ప్రేక్షకులు అసలే ఉండరు. కొన్నాళ్లకు ఈమెయిల్లో అభినందనలు వస్తాయి, వాటికి తగిలించి ఆకు వస్తుంది. ప్రశంసాపత్రం ఫైలు రూపంలో ఉచితం. చేతితో పట్టుకునే బొమ్మ కావాలంటే బొమ్మ ఖరీదూ పార్సిలు ఖర్చూ విజేతే పెట్టుకోవాలి. దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ముల్ని విరిచి చూశాకే ధర కడతారు. తెనాలి యార్డులో నిమ్మకాయ మచ్చపడితే రేటు పడిపోతుంది. ఆకుల యార్డులో ఆ బెంగ లేదు. సరుకు విప్పి చూసే నాథుడే లేడు.

ఫీజు తీసుకోవడమే తప్పని కాదు. సండాన్స్ అంతటి ఉత్సవమూ తీసుకుంటుంది. అక్కడ డబ్బు కట్టినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా వద్దన్న జవాబే వస్తుంది. ఇక్కడ వద్దన్న మాట వినబడదు. ఆకు ఇవ్వడానికి మరీ మొహమాటమైతే 'హానరబుల్ మెన్షన్', 'సెమీ ఫైనలిస్ట్', 'క్వార్టర్ ఫైనలిస్ట్' అనే చిల్లర రకాలున్నాయి. ఓడిపోయామని రాసిచ్చిన కాగితానికి ఫ్రేము కట్టించే ఆచారం కబడ్డీలో కూడా లేదు.

ఫాల్కే పేరుతో దొరికే ఆకు వేరే రకం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఒకటే. ఆ పేరును ముందో వెనకో తగిలించుకున్న ప్రైవేటు పురస్కారాలు మాత్రం కొల్లలు. రేపల్లె తాలూకా పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్‌కు అసలుది అందేసరికి ఎనభై ఏడేళ్లు. ఇప్పటి కుర్రవాళ్లకు డిగ్రీ పరీక్షల ఫలితాలకన్నా ముందే అందుతోంది.

అన్నిట్లోకీ మేలురకం కేన్స్ ఆకు. ఆంధ్రా ప్యారిస్ అనిపించుకున్న ఊరు గనక తెనాలికి ఫ్రాన్సుతో ఏదో వియ్యం ఉందనుకోవచ్చు. మే నెలలో కేన్స్‌లో ఉత్సవం ఒక పక్క, సినిమాల సంత ఒక పక్క నడుస్తాయి. సంతలో గంటల లెక్కన హాలు అద్దెకిస్తారు. డబ్బు కట్టి ఆట వేసుకుంటే పిలిచినవాళ్లు వస్తారు, దారిన పోయేవాళ్లు ఏసీ కోసం కాసేపు కూర్చుంటారు. మర్నాడు ఇక్కడి పత్రికలకు 'కేన్స్‌లో ప్రదర్శన, లేచి నిలబడి చప్పట్లు' అన్న ప్రకటన చేరుతుంది. అలిపిరిలో గది అద్దెకు తీసుకుని, స్వామివారు తనను ఆస్థాన విద్వాంసుణ్ణి చేశారని ఊరంతా చెప్పుకున్నట్టు. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' 2024లో కేన్స్ ప్రధాన పోటీకి వెళ్లి గ్రాండ్ ప్రీ గెలిచింది. అంతకు ముందు ముప్పై ఏళ్లపాటు ఒక్క భారతీయ సినిమాకూ ఆ పోటీలో చోటు దొరకలేదు. అదే ముప్పై ఏళ్లలో 'కేన్స్‌కు ఎంపికైన' మన సినిమాలను లెక్కపెట్టాలంటే పాత పత్రికల కట్టలు విప్పుకుంటూ కూర్చోవాలి.

ఇది సరదా వ్యవహారం కాదు, దోపిడీ. డాలర్లు కడుతున్నది పెద్ద బ్యానర్లు కావు. ఉద్యోగం మానేసినవాడు, అమ్మ గాజులు తాకట్టు పెట్టినవాడు, స్నేహితుల దగ్గర తలా ఐదువేలు అడుక్కుని కెమెరా అద్దెకు తెచ్చినవాడు కడుతున్నారు. శబ్దం సరిచేయించడానికి దాచిన డబ్బు ఆకులకు పోతుంది. సినిమాలో మాటలు వినబడవు, పోస్టరు మాత్రం పచ్చగా ఉంటుంది. నీ రెండో సగం సాగిందిరా, ఆ ఇంటి సన్నివేశం కోసెయ్యి అని చెప్పే మనిషి అతనికి దొరకడు. నలభై ఊళ్లు మెచ్చుకున్నాక తెనాలిలో ఒకడు చెబితే వింటాడా? అతని రెండో సినిమాను కూడా ఈ ఆకులే మింగేస్తాయి. సిగ్గులేని వ్యాపారం ఇది. దీనికి శాలువా కప్పి ఫొటో దిగే స్థానిక పెద్దలు కూడా అందులో వాటాదారులే, పైసా పెట్టుబడి లేకుండా.

ఆకుల సంఖ్య చూసి అభిప్రాయం ఏర్పరచుకునే జీవిని సినిమా ప్రేమికుడంటారు. అతని అభిప్రాయం సినిమా కంటే ముందు విడుదలవుతుంది. కెమెరా కదలకపోతే ధ్యానం, వణికితే సహజత్వం, మాట వినబడకపోతే వాతావరణం, నటులకు నటన రాకపోతే 'రా'. సూర్యలంక ఇసుకలో ఒకడు నాలుగు నిమిషాలు వెనక్కి తిరిగి నడిస్తే అస్తిత్వవాదం. నిద్రొచ్చిందన్నవాడికి టేస్టు లేదు. డ్రోను షాట్ల గురించి, చతురస్రపు ఫ్రేము గురించి ఇక్కడ చెప్పకపోవడమే మేలు.

అతని నోట తరచుగా వినబడే మాట 'తెలుగులో తొలిసారి'. 1980లో వచ్చిన విశ్వనాథ్ 'శంకరాభరణం' మరుసటి ఏడు ఫ్రాన్సులోని బెజాన్సాన్ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి తెచ్చుకుంది. ఇక్కడి ప్రేక్షకులు ఆ బహుమతి సంగతి తెలియకుండానే, అంతకు ముందే టికెట్లు కొనుక్కుని చూసేశారు. తెనాలిలో పుట్టిన శారద 'తులాభారం', 'స్వయంవరం', 'నిమజ్జనం' సినిమాలకు మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి. ఆమె నటించిన ఆదూర్ గోపాలకృష్ణన్ 'ఎలిప్పత్తాయం' 1982లో కేన్స్ ఉత్సవంలోనే ఆడింది, సంతలో కాదు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు వెళ్లొచ్చింది గానీ, థియేటర్లలోంచి బయటికొచ్చిన జనం మాట్లాడుకున్నది న్యూయార్క్ గురించి కాదు. నలభై తొమ్మిదేళ్ల అటెండరు రాజుకు పెళ్లవుతుందా అని.

ఇక లభ్యత. నిజాంపట్నం పడవల మీదో, రేపల్లె లంకల్లోనో తీసిన సినిమా లిస్బన్‌కూ టొరంటోకూ ఎంపికైనట్టు పోస్టరు చెబుతుంది. రేపల్లెలో ఏ హాల్లో ఆడుతుందో చెప్పదు. రెండు రోజులు వేట మానుకుని కెమెరా ముందు వల విసిరినవాళ్లు మా బొమ్మ ఎప్పుడు వేస్తారని అడిగితే, ఉత్సవాల నిబంధనల ప్రకారం ఇప్పుడే బయట చూపించకూడదని జవాబు. మరీ పట్టుబడితే ఒక లింకు పంపుతారు. దానికి పాస్‌వర్డ్ ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ ఆదివారం వరకే పనిచేస్తుంది.