చిప్పు ఉన్నా చేతికి చిప్పే!

లాప్‌టాప్ 2012 నాటిది. మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. మొన్న రాత్రి మా అమ్మాయి అందులో యూట్యూబ్ లెక్కల పాఠం పెట్టుకుంది. రెండు నిమిషాలకే ఫ్యాను పిండిమర రాగం ఎత్తుకుంది. మాస్టారి పెదాలు ముందు కదిలాయి, మాట తర్వాత వచ్చింది. బోర్డు మీద సమీకరణం 'ఈక్వల్‌టు' దగ్గరే బిగుసుకుపోయింది.

మర్నాడు రిపేరు షాపుకి పట్టుకెళ్తే, కుర్రాడు మూత పూర్తిగా తెరవనైనా లేదు. "సార్, దీని పనైపోయింది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. నాడి పట్టకుండానే పాడెకు వెదుర్లు కొట్టడమంటే ఇదే!

ఏం పనైపోయింది నాయనా? ఆ ప్రాసెసర్‌తో పాటే వీడియో విప్పడానికి విడిగా ఓ సర్క్యూట్ ఉంది. హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియో ఇస్తే అలవోకగా ఆడిస్తుంది. దాని ఖరీదు 2012 బిల్లులోనే కట్టేశాం. మరిప్పుడేం చేస్తోంది? గుర్రు పెట్టి నిద్రపోతోంది. దాని చాకిరీ కూడా ప్రాసెసరే నెత్తినేసుకుని చెమటోడుస్తోంది. ఆఫీసరు సెలవులో ఉంటే అటెండరే ఆఫీసంతా నడిపినట్టు!

నిద్రపుచ్చింది ఎవరు? యూట్యూబ్ మనకు ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో కుదించిన వీడియోలు. ఇంటెల్ చిప్పులకు వీపీ9 పూర్తిగా వంటబట్టింది 2016లో, ఏడో తరంతో. ఏవీ1 వచ్చింది 2020లో, పదకొండో తరంతో. మా మూడో తరం చిప్పు ఏం చేస్తుంది పాపం? "వీపీ9 ఆడించగలవా?" అని సైటు అడుగుతుంది. "ఓ, భేషుగ్గా!" అని బ్రౌజరు తలూపుతుంది. చిప్పును అడిగిందా? అడిగితే కదా! ఈ కొత్త కుదింపుల వల్ల యూట్యూబ్ వాళ్లకు డేటా కలిసొస్తుంది. పొదుపు వాళ్లది, సెగ మనది.

మాటలకేం, కోటలు దాటుతాయి. 2011 జనవరిలో గూగుల్ ఏమంది? క్రోమ్‌లోంచి హెచ్.264ను పీకేస్తాం, ఇక అందరికీ ఓపెన్ పద్ధతులే అంది. పీకేసిందా? ఇప్పటికీ అక్కడే ఉంది. 2030 కల్లా తన చెత్తను సున్నా చేస్తానని మైక్రోసాఫ్ట్ 2020లో ప్రతిజ్ఞ చేసింది. మరుసటి ఏడాదే విండోస్ 11 తెచ్చి, ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ చిప్పుల్లో దాదాపు అన్నిటినీ గుమ్మం బయటే నిలబెట్టింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతూ ఆపేసింది. చెత్త సున్నా అంటే ఇదా? చెత్త మన అటక మీదుంటే వాళ్ల లెక్కలో సున్నాయేగా!

పాతవాటికే ఈ గతి అనుకున్నారా? కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో, చిప్పుకు చేతనైన హెచ్‌ఈవీసీ వీడియో విప్పే పనికి హెచ్‌పీ, డెల్ తామే తాళం వేశాయి. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించకపోవడమంటే ఇదే కాదూ?

'మినిమల్' అంటూ మీసం మెలేసే మన లినక్స్ మారాజులు తక్కువ తిన్నారా? తళుకుబెళుకులన్నీ తీసేశాం, పాత మెషీన్ పరుగెడుతుంది అంటారు. నిజమే, తళుకుతో పాటు వీడియో డ్రైవర్ కూడా ఎగిరిపోయింది! పోనీ ఆ ముక్క చెబుతారా? చెప్పరు. డ్రైవర్ లేకపోతే ప్లేయరు కిమ్మనకుండా పనంతా ప్రాసెసర్ మీదికి నెట్టేస్తుంది. ఎంపీవీ అనే బుద్ధిమంతుడైతే, మనం నోరు తెరిచి అడిగితే తప్ప ఆ సర్క్యూట్ జోలికే పోడు.

సరే, నేనే దిగాను. ముందు బోడి డెబియన్ లినక్స్ వేశా. ఐ965 వీఏ డ్రైవర్ అనే చిన్న ప్యాకేజీ ఎక్కించా. వీఏఇన్ఫో అని కొడితే తెర మీద హెచ్.264 వరసలు బారు తీరాయి. ఇన్నేళ్లుగా అక్కడే ఉందండీ మహాతల్లి! ఎంపీవీ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు వీఏ-ఏపీఐ అని ఒక్క లైను రాశా. బ్రౌజరుకు మాత్రం 'హెచ్264ఇఫై' అనే ఎక్స్‌టెన్షన్ తగిలించాల్సి వచ్చింది. అది చేసేదల్లా ఒకటే. సైటు అడిగితే "వీపీ9 నాకు రాదు" అని బ్రౌజరు చేత బొంకిస్తుంది. గత్యంతరం లేక సైటు హెచ్.264 పంపుతుంది. అంటే, కట్టిన డబ్బుకు పని చేయించుకోవాలంటే మన బ్రౌజరుకే అబద్ధాలు నేర్పాలి!

ఖర్చు సున్నా. పట్టింది ఒక సాయంత్రం. ఆ రాత్రి లెక్కల మాస్టారు 'ఈక్వల్‌టు' దాటి జవాబు దాకా వెళ్లారు. ఫ్యాను ఊసే లేదు.

ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయాల్సింది లాప్‌టాప్‌నా? ఈ పూజారులనా?