గీత బయటి మొనగాడు

దివిసీమలో పండగ కబడ్డీ జరిగే చోటికి వెళ్లండి. నాగాయలంక కావచ్చు, కోడూరు కావచ్చు, ఆటగాళ్ల కూత కంటే టీం మేనేజరు కేకే గట్టిగా వినబడుతుంది. మూడో కూత, పాయింటు తేకపోతే అవుటే. కుర్రాడు బోనస్ గీత మీద కాలేశాడు, మూలనున్నవాడు మడమ పట్టేశాడు. ఇక చూస్కోండి. "నీ మొహానికి బోనస్ ఒకటా? పోయి గేదెలు కాసుకోరా!"

జట్టుకు సగానికి రెండు టైమ్‌అవుట్లు, ఒక్కోటి 30 సెకన్లు. ఆ మూలవాడు ఏ కాలి కోసం కాచుకున్నాడో చెప్పడానికి అది చాలు. మన మేనేజరు గారు మాత్రం 28 సెకన్లు కుర్రాడి వంశాన్ని తవ్వుతారు, మిగతా రెండూ తన ఆయాసం తీర్చుకోవడానికి. తర్వాత కూతకెళ్లినవాడు బాక్ లైన్ దాటీ దాటగానే వెనక్కొచ్చేస్తాడు. తప్పూ చెయ్యడు, పాయింటూ తేడు. కుర్రాళ్లు దార్లోకొచ్చారని మేనేజరు గారు మీసం దువ్వుతారు.

ఈ విద్యలో ఆయనకు పెద్ద గురువే ఉన్నాడు. విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్, 1936 ఇంగ్లండ్ టూర్‌కి మన క్రికెట్ కెప్టెన్. బందరు వాళ్లు మావాడని చెప్పుకునే సి.కె. నాయుడు, 1932లో మన తొలి టెస్టు కెప్టెన్, ఈయన కింద మామూలు ఆటగాడు! లార్డ్స్‌లో ఒక మ్యాచ్‌లో లాలా అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, అతన్ని కాదని వేరేవాళ్లను ముందు పంపారు. అతను విసుక్కుని సామాను విసిరేశాడు. అంతే, విజ్జీ, మేనేజరు బ్రిటన్ జోన్స్ కలిసి మొదటి టెస్టుకు ముందే ఓడెక్కించేశారు. భారత్‌కు తొలి టెస్టు సెంచరీ కొట్టినవాణ్ణి!

మరి కెప్టెన్ గారు? మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. సిరీస్ 2-0తో పోయింది. ఆయన్ని ఏ ఓడా ఎక్కించలేదు సరికదా, టూర్ మధ్యలోనే సర్ బిరుదిచ్చారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. తర్వాత ఈ గొడవను విచారించిన బ్యూమాంట్ కమిటీ అమర్‌నాథ్‌ది తప్పు కాదంది. బ్యాటింగ్ ఆర్డర్ ఒక పద్ధతిగా నడపలేదని విజ్జీనే తప్పుపట్టింది. కానీ అప్పటికి టూర్ అయిపోయిందిగా.

మన ఊళ్లో ఆ కమిటీ కూడా లేదు. ఓడిన రాత్రి మైకు మేనేజరు గారి చేతిలోనే ఉంటుంది, "కుర్రాళ్లు నిలబడలేకపోయారు" అంటారు. మడమ బెణికినవాణ్ణి, చందా ఇచ్చిన పెద్దమనిషి మేనల్లుడని, ఏడుగురిలో దించిందెవరని అడిగే మైకు ఇంకా ఎవరూ అద్దెకు తేలేదు.