లాస్ట్ ర్యాంకు మావయ్య

మా మావయ్య ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విడుస్తూనే అడుగుతాడు: "పిల్లాడి ర్యాంకెంత?" పేరు తర్వాత సంగతి. మా మేనత్త మనవరాలిని ఆయన ఇప్పటికీ "ఆ పద్దెనిమిది వేలమ్మాయి" అనే అంటాడు. ఓ పెళ్ళిలో అక్షింతలు వేసి, ముప్ఫై ఏళ్ళ పెళ్ళికొడుకుని ఎంసెట్ ర్యాంకు అడిగాడు. పాపం, అతను చెప్పాడు కూడా. "ఆ ర్యాంకుకి ఈసీఈ రావాల్సింది, ఆప్షన్లు పెట్టుకోవడం చేతకాలేదు" అని పెళ్ళికూతురికి వినబడేలా జాలిపడి భోజనానికి వెళ్ళాడు.

ఎంసెట్ కాస్తా ఈఏపీసెట్ అయినా ఆయన ఒప్పుకోలేదు. ఆయన దగ్గరో పాత డైరీ ఉంది. కాలేజీ కోడ్లు, బ్రాంచీలు, ఓసీ బాయ్స్, బీసీ-డీ గర్ల్స్, ఏయూ రీజియన్, ఎస్వీయూ రీజియన్. ఒక్కో గడిలో లాస్ట్ ర్యాంకు, ఎర్ర ఇంకుతో.

"ఈ కాలేజీ మంచిదని ఎలా తెలుసు మావయ్యా?"

"పోయినేడు సీఎస్ఈ పన్నెండు వేలకే క్లోజయింది."

"వాళ్ళంతా ఎందుకు చేరారో?"

"అంతకుముందేడు పదిహేను వేలకే క్లోజయింది కదరా!"

ఎన్ఐఆర్ఎఫ్ వచ్చాక ఆయనకి మరీ బలం వచ్చింది. 2016 నుంచి కేంద్రం ఏటా ఇచ్చే కాలేజీల ర్యాంకుల జాబితా అది. ఓసారి అందులో ఇంజనీరింగ్ కాలేజీల మార్కుల లెక్క ఆయన ముందు పెట్టాను: నూటికి బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, చదివి బయటపడ్డవాళ్ళ ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ చోటివ్వడానికి 10, కాలేజీకి ఉన్న పేరుకి 10. "పరిశోధన పేపర్లకి అన్ని మార్కులా మావయ్యా? మావాడు రాయబోయే పేపర్లన్నీ సప్లిమెంటరీవే" అన్నాను. ఆయన వినలేదు. చివరి 10 మార్కుల దగ్గరే ఆగిపోయాడు. "పేరంటే నలుగురూ అనుకునేదే కదా? ఆ నలుగురిలో నేనున్నానా లేదా?"

మావాడి ఆప్షన్లు నెట్ సెంటర్లో కూర్చుని ఆయనే పెట్టించాడు. డెబ్భై నాలుగు. వాడు సివిల్ అంటే, వినపడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. రాదనుకున్న కాలేజీని మొదట పెట్టినా పోయేదేం లేదు, అది రాకపోతే కంప్యూటరు కింది ఆప్షన్ చూస్తుంది. ఆయన మాత్రం గొంతెమ్మ కోరిక పైన పెడితే మెషీనుకి కోపమొస్తుందన్నట్టే కొట్టేయించాడు. డైరీ ప్రకారం సీటు దివ్యంగా వచ్చింది. కాలేజీ యాభై కిలోమీటర్లు. మావాడికి చిన్నప్పట్నుంచీ బస్సెక్కితే వాంతులు. మొదటి ఏడాదంతా వాడి బ్యాగులో లెక్కల పుస్తకం పక్కనే ఓ ప్లాస్టిక్ కవరూ, ఎండిన నిమ్మకాయా ఉండేవి. డైరీలో నిమ్మకాయకి గడి లేదు.

మరి ఆయన కూతురో? వీధి చివరి డిగ్రీ కాలేజీలో చదివింది. అదేంటని అడిగితే, "దానికి మధ్యాహ్నం ఇంటన్నం లేకపోతే తలనొప్పిరా" అన్నాడు, అదేదో ప్రభుత్వ ఉత్తర్వులా. ఆ కాలేజీ లాస్ట్ ర్యాంకెంతో ఆయనకి తెలీదు. ఇరవై ఏళ్ళలో ఆయన తెలీదన్న కాలేజీ అదొక్కటే.

అలాగని ఆయన్ని కాదనలేం. ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకి సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి తోడెళ్ళి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్యూలో నిలబడి, టీ డబ్బులు కూడా పుచ్చుకోని మనిషి.

ఈ ఏడాది ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పకముందే లాస్ట్ ర్యాంకులు వచ్చాయి. చదివి వినిపించమన్నాడు. వినిపిస్తూ డైరీలో నేనే రాశాను. మధ్యలో పక్కింటమ్మాయి మిఠాయి తెచ్చింది, ఇంటర్ పాసయిందట. "ఎంసెట్‌లో ఎంత?" అన్నది మావయ్య కాదు, ఆయన నోట్లో అప్పటికే లడ్డూ ఉంది. ఆ అమ్మాయి చెప్పింది. నేను పేజీ తిప్పి చూసి, పెదవి విరిచాను.

రాత్రి తొమ్మిదింటికి ఎర్ర ఇంకు అయిపోతే, కొత్త పెన్ను కోసం నేనే బజారుకెళ్ళాను.