ఒళ్లో పిల్లకి పాస్‌పోర్టెందుకన్నారు

నేను ఇంటికొచ్చిన రోజున పాప వాళ్ల నాన్న నన్ను అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వాడు. "ఇంకా మెడ నిలబెట్టడం రాలేదు, దీనికో పాస్‌పోర్టు!" అన్నాడు. ఆ ఎగతాళి నన్ను కాదు, పాపని అనుకుని సర్దుకున్నాను.

నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో అచ్చయ్యే పుస్తకాల్లో నేనొకదాన్ని. ముదురు నీలం అట్ట, దాని మీద బంగారు రంగు సింహాలు, లోపల 36 పేజీలు. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోడానికేం లేదు. పాప పుట్టుకే కాస్త చిత్రం. అమ్మానాన్నలది గుంటూరు, పాప పుట్టింది ఫిన్లాండ్‌లో, హెల్సింకి పక్కనున్న ఎస్పోలో. అక్కడ పుట్టినంత మాత్రాన ఆ దేశం పౌరసత్వం ఇవ్వదు. ఏడాది తిరక్కముందే మన రాయబార కార్యాలయంలో పుట్టుక నమోదు చేయించి, పిల్లకి మరో దేశం పాస్‌పోర్టు లేదని రాసిచ్చి నన్ను తెచ్చుకున్నారు.

నాలో ఉన్న ఫొటో తీయడానికి ఒక పూటంతా పట్టింది. తెల్ల దుప్పటి మీద పడుకోబెడితే నిద్రపోయేది, లేపితే ఏడ్చేది. చివరికి వాళ్లమ్మ తెల్ల చున్నీ కప్పుకుని, గాజులు తీసేసి, వెనక నుంచి తల పట్టుకుంది. జాగ్రత్తగా చూస్తే పాప చెవి పక్కన ఇప్పటికీ ఆ వేలి వంపు కనిపిస్తుంది. సంతకం గడిలో బొటనవేలి ముద్ర. అటువంటి మనిషిని ఏ అడ్డూ లేకుండా వెళ్లనివ్వండి, అవసరమైతే సాయం చేయండి అని భారత రాష్ట్రపతి పేరు మీద లోకాన్నంతా కోరుతున్నాను నేను. ఇంత పెద్ద మాట కడుపులో పెట్టుకున్న నన్ను డైపర్ల సంచీలో కుక్కేవారు. ఏడో పేజీ మీద ఉగ్గు మరక ఆ సంచీ చలవే.

హెల్సింకి నుంచి సముద్రానికి అటువైపున్న ఎస్టోనియా రాజధాని టాలిన్ సుమారు 80 కిలోమీటర్లు. పెద్ద ఓడలో రెండు గంటల పైచిలుకు. పొద్దున వెళ్లి పాత కోట వీధులు చూసుకుని రాత్రికి ఇంటికొచ్చేస్తారు జనం. రెండు దేశాలూ తమలో తమకు సరిహద్దు తనిఖీల్లేని షెంగెన్ ప్రాంతంలోవే. 2007 డిసెంబరులో ఎస్టోనియా చేరాక ఆ రేవులో రోజువారీ పాస్‌పోర్టు తనిఖీ పోయింది. అదిగో, అక్కడే మా ఇంటాయనకి ధీమా వచ్చింది. సరిహద్దే లేనప్పుడు పాస్‌పోర్టెందుకు? పైగా నివాస అనుమతి కార్డుంది కదా?

తనిఖీ లేకపోవడం వేరు, కాగితం అక్కర్లేకపోవడం వేరు. ఫిన్లాండ్ నివాస కార్డు అక్కడ ఉండే హక్కు చెబుతుంది. పొరుగు దేశానికి వెళ్లాలంటే దాని పక్కన నేనూ ఉండాలి. ఇందులో మనవాళ్లే కాదు, ఫిన్లాండ్ వాళ్లూ తప్పులో కాలేస్తారు. వాళ్ల డ్రైవింగ్ లైసెన్సు ప్రయాణ పత్రం కాదు. అమ్మానాన్నల సమ్మతి లేకుండా తీసుకున్న పిల్లల గుర్తింపు కార్డు ఊళ్లో చెల్లుతుంది గానీ విదేశీ ప్రయాణానికి చెల్లదు.

వాళ్లు టాలిన్‌కి బయల్దేరిన శనివారం నేను బీరువా సొరుగులో ఉన్నాను కాబట్టి జరిగింది నేను విన్నదే. రేవులో ఎప్పుడూ అడగనివాళ్లు ఆ రోజు పాస్‌పోర్టు అడిగారట. ఈయన ఫోన్ తీసి నా బొమ్మ చూపించాడట. నన్నే లెక్కచేయని మనిషి నా ఫొటోకి అంత విలువ ఇస్తాడనుకోలేదు! ఓడ వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక వాళ్లావిడ, "ముందే చెప్పానా లేదా అండీ?" అని ఒక్కటే అడిగింది. సాయంత్రం దాకా ఇంట్లో మాటల్లేవు.

ఒకప్పుడైతే ఆయన వాదన కొంత చెల్లేది. పిల్లల పేర్లు తల్లిదండ్రుల పాస్‌పోర్టులోనే రాసేవారు. బ్రిటన్ 1998 అక్టోబరులో ఆ పద్ధతి ఆపింది. యూరోపియన్ యూనియన్‌లో 2012 జూన్ 26 నుంచి ఎంత పసివాళ్లకైనా సొంత పత్రం ఉండాల్సిందే. పెద్దవాడు నోరు తెరిచి తన పేరు చెప్పుకుంటాడు. చంటిదాన్ని ఎత్తుకున్న మనిషి ఏం చెబితే అదే దాని పేరు, ఎవరి బిడ్డంటే వాళ్ల బిడ్డే. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

ఓడలవాళ్లకి ఇంకో బాధ ఉంది. 1994 సెప్టెంబరు 28 అర్ధరాత్రి దాటాక, టాలిన్ నుంచి స్టాక్‌హోమ్ వెళ్తున్న ఎస్టోనియా అనే ఓడ ఇదే బాల్టిక్ సముద్రంలో మునిగి 852 మంది పోయారు. 1998లో వచ్చిన యూరప్ చట్టం ప్రకారం, 20 నాటికల్ మైళ్లు మించిన ప్రయాణమైతే ఓడలో ఎవరెవరున్నారో పేర్లతో సహా రాసుకోవాలి. ఒళ్లో పిల్లకి సీటు లేకపోవచ్చు గానీ ఆ జాబితాలో వరస ఉంటుంది.

నా చివరి పేజీ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాప వాళ్లమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, పాపకి నాన్న ఇంటిపేరు. ఒకసారి తల్లీకూతుళ్లిద్దరే వెళ్తుంటే, "ఈ పాప మీకేమవుతుంది?" అని అడిగారు. నా చివరి పేజీ తెరిస్తే తల్లి పేరు, తండ్రి పేరు అచ్చులో ఉన్నాయి. మాట మళ్లీ రాలేదు. పక్కింటి ఫిన్లాండ్ పిల్ల ఎర్ర పాస్‌పోర్టుకి ఈ భాగ్యం లేదు. 2018 జనవరిలో ఆ పేజీ అచ్చు వేయడం మానేద్దామనుకుని, విమర్శలొచ్చాక ఆ నెలాఖరుకే మన ప్రభుత్వం మనసు మార్చుకుంది. బతికిపోయాను.

అయినా పిల్లల పాస్‌పోర్టుకి ఆయుష్షు ఐదేళ్లే. పెద్దవాళ్లవి పదేళ్లు దర్జాగా తిరుగుతాయి. మేం ముసలివాళ్లం కాము, పిల్లలే మమ్మల్ని దాటి పెరిగిపోతారు. మూడో ఏడు తిరుపతిలో గుండు చేయించాక నా ఫొటోకీ పాపకీ పోలికే లేదు. నాలుగో ఏడు నన్ను తెరిచినవాళ్లు నా వైపు, పాప వైపు మార్చి మార్చి చూసేవారు. ఆ చూపు భరించడం కష్టం.

గడువు ముగిశాక ఒక మూల కత్తిరించి, రద్దు ముద్ర కొట్టి తిరిగిచ్చారు. కొత్తది తళతళలాడుతూ వచ్చింది. దానికో తోలు కవరు కూడా కొన్నారు. నేను ఉగ్గు తిన్న ఏళ్లలో అది ఎవరికీ తోచలేదు మరి! నన్నిప్పుడు పాత సిమ్ కార్డులు, తాళం పోయిన సూట్‌కేసు చెవులు, వారంటీ కాగితాల మధ్య పడేశారు. పాప అప్పుడప్పుడూ తీసి ఓడాట ఆడుతుంది. దిండ్లు పేర్చి, బొమ్మల్ని వరసలో నిలబెట్టి, నా ఖాళీ పేజీల మీద స్కెచ్ పెన్నుతో ముద్రలేస్తుంది. నిజం ముద్రలు నాకు నాలుగైదు కూడా పడలేదు.

మొన్న ఆడుతూ చింపబోతే వాళ్లమ్మ లాక్కుంది. "వద్దమ్మా, మళ్లీ దరఖాస్తు పెట్టేటప్పుడు పాత నంబరు అడుగుతారు," అంటూ జాగ్రత్తగా దాచింది. ఎక్కడ దాచిందో మాత్రం ఈపాటికి ఆవిడకీ గుర్తుండి ఉండదు.