కండక్టర్లకు చిరునవ్వు చిట్కాలు

డ్యూటీ ఎక్కే ముందు డిపోలో అద్దం చూసుకుని నవ్వండి. ఆ నవ్వు చెదరకుండా మొదటి ట్రిప్పు లాగిస్తే చాలు. రెండో ట్రిప్పుకల్లా దవడలు బిగుసుకుపోయి అదే నిలబడుతుంది.

55 సీట్ల పల్లెవెలుగులో 90 మంది ఎక్కితే రద్దీ అనకండి, ఆదరణ అనండి. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు గాలి కోసం నిలబడ్డారనుకోండి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం ఉచితం. ఉచితమే గానీ జీరో టికెట్టు కొట్టి తీరాలి. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టేది ఆ లెక్క మీదే. అందుకని చేతులు నొప్పి పుట్టేలా కొట్టినా సంచి మాత్రం బరువెక్కదు. సంచి తేలికైతే మనసూ తేలికవుతుంది. అలా ఏ డాక్టరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను.

ఇక జీరో టికెట్టుకు చూపించే ఆధార్. పెద్దావిడ కొంగుముడి విప్పుతుంది. ప్లాస్టిక్ కవరు, అందులో మందుల చీటీ, మనవడి ఫొటో, రెండు వక్కలు, ఆ అడుగున కార్డు. దాని మీద నల్లటి మరక తప్ప మొహం లేదు. "ఇది నువ్వేనా అవ్వా?" అంటారు మీరు. "నేను కాకుంటే మీ అమ్మనా?" అంటుంది. తిట్టిందనుకోకండి, చుట్టరికం కలుపుకుంది. ఈలోగా స్టేజీ దాటిపోతుంది. దిగాల్సినవాళ్లంతా కలిసి అరుస్తారు. కచేరీ విన్నట్టు వినండి, తాళం వేస్తే ఇంకా మంచిది.

20 రూపాయల టికెట్టుకు 500 నోటు ఇస్తే, బాకీ టికెట్టు వెనక రాసిచ్చి మరిచిపోండి. మరుపు ఆరోగ్యానికి మంచిది. ప్రయాణికుడు మరిచిపోడు, ఆయన ఆరోగ్యం ఆయనిష్టం.

సరిగ్గా ఇద్దరికి టికెట్టు కొట్టకుండా మిగిలినప్పుడే చెకింగువాళ్లు ఎక్కుతారు. మెమో ఇస్తే రెండు చేతులా అందుకోండి. వెనకవైపు తెల్లగానే ఉంటుంది, చిల్లర లెక్కలకు పనికొస్తుంది.

మహిళా కండక్టర్లకు విడిగా ఒక చిట్కా: పొద్దుటి నుంచి నీళ్లు తాగకండి. బస్సు తిప్పుకునే ఊరి చివర మర్రిచెట్టు ఉంటుంది, మరుగుదొడ్డి ఉండదు. డ్రైవరన్న చెట్టు చాటుకు వెళ్లొచ్చేలోగా ఐదు నిమిషాలు దొరుకుతాయి. సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని, కళ్లు మూసుకుని ధ్యానం చేయండి.