పసుపు పూసినంత మాత్రాన

నేను హైలైటర్‌ని. మా వంశం ఈ అమెరికా దేశానిదే. 1963లో కార్టర్స్ ఇంక్ కంపెనీ మా పెద్దల్ని బజార్లో పెట్టింది. నా కాపురం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఒక తెలుగింట్లో, ఎనిమిదో తరగతి పిల్ల పెన్సిళ్ళ సంచిలో.

మొన్న దానికి చరిత్ర హోంవర్కు ఇచ్చారు. అమెరికా తూర్పు పడమరల్ని కలిపిన మొదటి రైలుమార్గం మీద మూడు పేజీల పాఠం చదివి సారాంశం రాయాలి. పిల్ల నా మూత తీసింది. 1862 నాటి చట్టానికి ఓ గీత, శాక్రమెంటోకి ఓ గీత, ఒమాహాకి ఓ గీత. ఒక్కరోజులో పది మైళ్ళ పట్టాలు పరిచారన్న చోట రెండుసార్లు పూసింది. మూడో పేజీకొచ్చేసరికి గడపకి పసుపు రాసినట్టు కాగితమంతా నేనే. ఆ గీతల్నే వరసగా కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కడో మాట ఇక్కడో మాట తీసేసి, అయిపోయిందనుకుంది.

నా పరువు నేనే తీసుకోవడం గానీ, నన్ను పూస్తే చదువు పెద్దగా వంటబట్టదని ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ డన్‌లాస్కీ, ఆయన సహచరులు 2013లో తేల్చారు. (సారాంశానికీ మంచి మార్కులేం వేయలేదు లెండి. ఎలా రాయాలో ముందు నేర్పితేనే ఫలితమన్నారు.) ఆన్ బ్రౌన్, జీన్ డే అనే పరిశోధకులు 1983లో చెప్పిందీ మా పిల్ల చేసిన పనే. చిన్న తరగతుల వాళ్ళు వాక్యాలు ఎత్తిరాసి కొన్ని కొట్టేస్తారు. పాఠంలో ఎక్కడా కనబడకుండా పాఠాన్నంతా పట్టుకునే వాక్యాన్ని సొంతంగా కట్టడం అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడుతుంది.

మా ఇంట్లో ఆ వాక్యం అమ్మమ్మ పుణ్యాన వచ్చింది. తెనాలి నుంచి వచ్చినావిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "ఏం పాఠమే అది?" అంది. పిల్ల కాగితం అందుకుంది.

"ఆ ఇంగ్లీషు నాకేం తెలుస్తుందే? అది అక్కడ పెట్టి చెప్పు."

"రైలు వేశారు అమ్మమ్మా. రెండు కంపెనీలు. ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి. 1869లో యూటాలో కలిశాయి."

"ఎందుకట?"

"అంతకుముందు రావాలంటే నెలలు పట్టేది. తర్వాత వారంలో వచ్చేసేవాళ్ళు."

"అంత పని ఎవరు చేశారు?"

"ఇటువైపు ఎక్కువమంది చైనావాళ్ళు. సియెర్రా కొండలు తొలిచారు. తెల్లవాళ్ళకన్నా జీతం తక్కువ. తిండి ఖర్చు కూడా వాళ్ళదే."

నేను రెండుసార్లు పూసిన పది మైళ్ళ సంగతి నోటికే రాలేదు. పట్టాలు కలిసినచోట చివర్లో కొట్టిన బంగారు మేకూ రాలేదు. పిల్ల పాత ఫైలు చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. 'నెలల ప్రయాణాన్ని వారానికి కుదించిన ఈ మార్గాన్ని రెండు కంపెనీలు చెరోవైపు నుంచి వేసుకొచ్చి 1869లో కలిపాయి. పడమటి కొండల్లో బరువు మోసింది తక్కువ జీతానికి పనిచేసిన చైనావాళ్ళు' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసింది. ఆ తర్వాతే పాఠం మళ్ళీ తెరిచి, ఏళ్ళూ పేర్లూ సరిచూసుకుంది.

ఆఖర్న 'ఇది చాలా అన్యాయం' అని చేర్చి, కాసేపు చూసి, తీసేసింది. కాలిఫోర్నియా బడుల ప్రమాణాల ప్రకారం సారాంశంలో సొంత అభిప్రాయం ఉండకూడదు. జీతం తక్కువన్నది పాఠం మాట కాబట్టి నిలిచింది, అన్యాయమన్నది పిల్ల మాట కాబట్టి పోయింది. నాకైతే ఉంచితే బాగుండుననిపించింది. దానికి వేరే వ్యాసం రాసుకోవాలి.

"రైలు అయిపోయాక ఆ చైనావాళ్ళు ఏమయ్యారే?" అంది అమ్మమ్మ.

"ఇందులో లేదు అమ్మమ్మా." పిల్ల పుస్తకంలో ముందుకు తిప్పింది. చైనా కూలీల్ని దేశంలోకి రానివ్వకుండా 1882లో చట్టం చేశారని అక్కడెక్కడో దొరికింది. అది అమ్మమ్మకి చదివి చెప్పింది గానీ, సారాంశంలో మాత్రం చేర్చలేదు.